రైలు విడిచిన దారిపై సకుటుంబ సైకిలు ప్రయాణము

రైలు నడచుట మానిన మార్గము కొన్నాళ్లకు ముళ్లపొద యగును, లేదా ప్రక్కపొలమువారి సొత్తగును. అమెరికాదేశమున ననేకస్థలములందు ప్రజలట్లు కానీయలేదు. పట్టాలను, వాని క్రింది దూలములను ఊడదీసి, మిగిలిన కట్టపై తారు పరచి, నడచువారికిని సైకిళ్లపై పోవువారికిని బాటగా నొనర్చిరి. మోటారుబండ్లకు దానిపై ప్రవేశము లేదు. అచ్చటివారు వీనిని రైల్ ట్రెయిల్సు అందురు. మేము రైలుబాటలని వ్రాసెదము.

ఆ దేశమున కాపురమున్న తెలుగు గృహిణులును, బిడ్డల యిండ్లకు ఆరునెలలకని పోయివచ్చు తల్లులును అత్తలును నేడు వేలకొలది యున్నారు. ఈ వ్యాసము ముఖ్యముగా వారికొరకు. సైకిళ్లు కొనుట వారి కంత కష్టము కాదు. కొన్న సైకిళ్లు రెండవ వారము మొదలు గరాజుగోడకు వ్రేలాడుచుండుటయే చిక్కు. ఇందుకు మొదటి ప్రయాణమును సరిగా నేర్పాటు చేసికొనకపోవుటయే తరచు కారణము. తండ్రి తన సత్తువనుబట్టి దూరము నిర్ణయించును. బిడ్డ నడిదారిలో నేడ్చును. తల్లి భోజనపు సంచితో గట్టున గూర్చుండి వారికై యెదురుచూచును, ఏలయన తల్లికి సైకిలు లేదు. సాయంకాలమునకు అందరికిని విసుగు. ఇంటిలో నందరికన్న చిన్నకాళ్లెవరివో వారినిబట్టి దూరమును నిశ్చయించి, తల్లికికూడ నొక సైకిలు నేర్పరచినచో తక్కినదంతయు సులభమని మా యభిప్రాయము.

ఈ బాటల పుట్టుకలో నొక స్త్రీ చేయి కలదు. షికాగో నగరమునకు పడమటనున్న ఊళ్లగుండ నడచిన విద్యుద్రైళ్లు 1957లో ప్రయాణికులకు ఆగిపోయినవి. ఆ నేల యెవరి పాలగునో తెలియక యుండగా, మే థైల్‌గార్డ్ వాట్స్ అను ప్రకృతిశాస్త్రజ్ఞురాలు 1963లో షికాగో ట్రిబ్యూన్ పత్రికకు నొక లేఖ వ్రాసినది. ఆమె మోర్టన్ ఆర్బొరీటమను వృక్షోద్యానమున పనిచేసిన విదుషి. ఆ మార్గమును ప్రజలకు నడకబాటగా నిలుపవలెనని ఆమె కోరెను. ఇల్లినాయి ప్రెయిరీ పాత్ అను బాటకు ఆ లేఖయే మూలము. పిదప 1983లో అమెరికా శాసనసభ చట్టమును సవరించి, ముందెన్నడైనను రైళ్లకు మరల కావలసివచ్చిన నిచ్చివేయు నిబంధనతో, విడిచిన మార్గములను బాటలుగా వాడుకొనుటకు వీలు కల్పించినది. పత్రికలకు లేఖలు వ్రాయుట పురుషుల పనియని తలచు సోదరీమణులు ఈ సంగతి గమనింతురుగాక!

ఆ ప్రెయిరీ పాత్‌పై చాలభాగము సున్నపురాతిపొడియే కాని తారు లేదు. పెద్దవారి కది హాయిగానే యుండును. చిన్నచక్రముల సైకిళ్లు తొక్కు పిల్లలకును, క్రొత్తగా నేర్చినవారికిని తారు పరచిన బాటయే మేలు. చక్రము తేలికగా దొర్లును, వానకురిసిన మరునాడు బురద యుండదు, పసిబిడ్డను కూర్చుండబెట్టి వెనుక కట్టుకొని పోవు బండి కుదుపదు.

రైలుబాటకును మామూలు రోడ్డునకును గల ముఖ్యభేదము ఏటవాలునందున్నది. ఇనుపచక్రము ఇనుపపట్టాపై సులభముగా దొర్లును గాని, యెత్తు ఎక్కవలసివచ్చినప్పుడు పట్టుచాలక జారును. కావున ఇంజనీర్లు గుట్టలను చీల్చియు, పల్లములను పూడ్చియు, సాధారణముగా నూరడుగులకు ఒకటి రెండడుగులకన్న మించి యెత్తు పెరుగకుండ దారి వేసిరి. మలుపులుకూడ విశాలముగా నుండును. ఆవిరియంత్రముల సౌకర్యమునకై పడిన ఈ శ్రమ నేడు ఏడేండ్ల బాలికకును, నలుబదియేండ్ల తల్లికిని ఉపకరించుచున్నది.

అయితే ఈ మెరకపల్లము కంటి కానదు. పోవునప్పుడు దారి వాలుగా నున్నచో తొక్కినట్లే తోచదు. పిల్లలు ఉత్సాహముతో 'ఇంకను పోదము, ఇంకను పోదము' అందురు. తిరుగుముఖము పట్టినపిమ్మటగాని దారి యెటు వాలినదో కాళ్లకు తెలియదు. అప్పటికి ఎండ ముదిరియుండును, తెచ్చిన నీరు సగమైయుండును. కావున బయలుదేరిన తోడనే కొంతదూరము పోయి, తొక్కుట మాని చూడవలెను. సైకిలు తనంతట సాగిపోవుచున్నచో అది పల్లము. అట్లయిన రెండవ దిక్కునకు పోవుట మంచిది. మెరకయు ఎదురుగాలియు పోవునప్పుడే తీరిపోవలెను, వచ్చునప్పుడు రెండును తోడు రావలెను.

ఒక దారిని తీసికొని ఈ లెక్కలు చూతము. వర్జీనియా రాష్ట్రపు ఉత్తరభాగమున వాషింగ్టన్ అండ్ ఓల్డ్ డొమినియన్ అను రైలుబాట కలదు. రాజధానికి చేరువనున్న ఆర్లింగ్టన్‌లో షర్లింగ్టన్ అనుచోట మొదలై ఫాల్స్ చర్చి, వియన్నా, రెస్టన్, హెర్న్‌డన్, ఆష్‌బర్న్, లీస్‌బర్గ్ ఊళ్లగుండ పోయి పర్సెల్‌విల్ అను చిన్నపట్టణమున ముగియును. పొడవు 45 మైళ్లు, వెడల్పు బాటకిరుప్రక్కల నేలతోగూడ సుమారు 100 అడుగులు. ఇంత సన్నని ఉద్యానవనము తమ రాష్ట్రమున మరియొకటి లేదని అచ్చటివారు పరిహాసముగా చెప్పుకొందురు. 1860నాటికే లీస్‌బర్గ్ చేరిన ఈ రైలుమార్గము 1968లో మూతపడినది. 1974లో ఫాల్స్ చర్చియొద్ద బాటగా మొదటిభాగము తెరువబడి, 1988నాటికి పర్సెల్‌విల్ వరకును పూర్తియైనది. ఆష్‌బర్న్, హెర్న్‌డన్ ప్రాంతముల తెలుగు కుటుంబము లనేకములు కలవు. వారిలో చాలమందికి ఈ బాట యింటికి కూతవేటు దూరముననే యున్నది.

ఈ బాటయందలి అన్నిభాగములును పిల్లలకు ఒకేరీతిగ తగినవి కావు. ఆర్లింగ్టన్, ఫాల్స్ చర్చి వైపు జనసమ్మర్దము హెచ్చు. వేగముగా నుద్యోగములకు పోవు సైకిళ్లవారు, పరుగెత్తువారు, కుక్కలను నడిపించువారు, అందరును ఆ బాటమీదనే. సెలవుదినపు మధ్యాహ్నమున పసివారితో అటు పోవుట మాకు నచ్చదు. లీస్‌బర్గ్‌నుండి పడమటికి క్లార్క్స్ గ్యాప్ అను కనుమవరకు దారి మెరక. పండ్రెండు పదమూడేండ్లు నిండి, బ్రేకులు నేర్పుగా వేయగల పిల్లల కది మంచి దారి. పోవునప్పుడు శ్రమ, వచ్చునప్పుడు విశ్రాంతి. ఆష్‌బర్న్, లీస్‌బర్గ్‌ల నడుమ గూస్ క్రీక్ అను ఏటిపై వంతెన కలదు. ఏటిలోయ దాటినపిమ్మట లీస్‌బర్గ్ వైపు మరల మెరక పట్టును. చిన్నవారితో వచ్చినవారు వంతెనయొద్ద నీరు చూచి మరలిపోవలెను.

మొదటి ప్రయాణమునకు మేము చెప్పునది హెర్న్‌డన్‌నుండి రెస్టన్ వరకు. దూరము సుమారు రెండు మైళ్లు. హెర్న్‌డన్‌లో 1857నాటి పాత స్టేషను బాటప్రక్కనే నిలిచియున్నది. అచ్చట ఎఱ్ఱని గార్డుపెట్టె యొకటి పిల్లలు చూచి మురియునట్లుగా నుంచిరి. వియన్నాలోను అట్టిదే మరియొకటి కలదు. రైలుపెట్టె చూచుటకని బయలుదేరిన బిడ్డ సైకిలు తొక్కుచున్న సంగతియే మరచును. గమ్యమనునది పిల్లలకు దూరమునుబట్టి కాదు, వస్తువునుబట్టి.

ఇక దూరపు లెక్క. బిడ్డ తన వీథిలో అలసట లేక యెన్నిమైళ్లు తిరుగునో రెండు మూడు దినములు కనిపెట్టవలెను. ఆ మొత్తమును మూడుపాళ్లు చేసి, ఒకపాలు పోవుటకు, ఒకపాలు వచ్చుటకు, మూడవపాలు ఎండకు, గాలికి, పేచీకి విడువవలెను. ఆరుమైళ్లు తిరుగగల బిడ్డకు రెండుమైళ్ల అవతలి గమ్యము చాలును. కాలపు లెక్కకూడ అట్లే. ఏడెనిమిదేండ్ల పిల్లలు గంటకు ఆరుమైళ్లు తొక్కగలరు గాని, నీళ్లకు, సీతాకోకచిలుకకు, ఊడిన బూటుముడికి ఆగుచు పోగా గంటకు నాలుగుమైళ్లు సాగిన ఘనమే. బాటపై ప్రతి అరమైలునకును సంఖ్య వేసిన కంబములున్నవి. ఆ సంఖ్యలు చదువుపని పిల్లలకే అప్పగించిన ఉత్సాహముగా నుండును. ఆపద కలిగి 911కు ఫోను చేయవలసివచ్చినప్పుడు మీరెచ్చటనున్నారో చెప్పుటకు ఆ సంఖ్యయే ఆధారము, కనుక పెద్దవారును దానిని గమనించుచుండవలెను.

ఒక్క విషయమున అందరికన్న నెక్కువ జాగ్రత్త వహింపవలెను. అది రోడ్డు దాటుట. రైలు నడచిన దినములలో దానికై బండ్లు ఆగుచుండెడివి. నేడు బాట రోడ్డును ఖండించుచోట ఆగవలసినవారము మనమే. కొన్నిచోట్ల వంతెనలున్నవి, మరికొన్నిచోట్ల లేవు. పిల్లలు ఎంత నేర్పరులైనను అట్టి ప్రతిచోటను సైకిలు దిగి, పెద్దవారు చెప్పినపిమ్మట నడిపించుకొని దాటు నలవాటు మొదటిదినముననే చేయవలెను. ముందు ఒక పెద్దవారు, నడుమ పిల్లలు, వెనుక మరియొక పెద్దవారు, ఒకరి వెంట నొకరు పోవలెను. ఒక్క తల్లియే పిల్లలతో పోవునప్పుడు ఆమె వెనుక నుండుట మంచిది, ఏలయన వెనుకనున్నవారికే అందరును కనబడుదురు. అట్టి ప్రయాణమునకు రోడ్లు దాటవలసిన చోట్లు తక్కువగానున్న భాగమునే యేర్పరచుకొనవలెను.

ఆ దేశమున కుడిప్రక్క నడువవలెను. మన దేశమునుండి క్రొత్తగా వచ్చిన అత్తగారు, ఆమె యెంత తెలివిగలవారైనను, ఎదుట సైకిలు వచ్చినతోడనే అలవాటుచొప్పున ఎడమకు తప్పుకొందురు. అది నేరుగా దాని దారికే అడ్డుపోవుట యగును. ముందుగానే ఆమెకు చెప్పియుంచవలెను. పిల్లలతో చిక్కు మరియొకరకముది. వెనుకనుండి వచ్చువారు దాటిపోవునప్పుడు 'ఆన్ యువర్ లెఫ్ట్' అని కేకవేయుదురు. మీ యెడమప్రక్కగా పోవుచున్నాము, మీరు కదలకుడని దాని భావము. పసివారికి 'లెఫ్ట్' అను నొక్కమాటయే చెవినిబడి, చటుక్కున ఎడమకే త్రిప్పుదురు. ఇంటివాకిట పదిమారులు ఆటగా ఈ కేక వేయుచు, అది వినబడినప్పుడు కుడియంచునే తిన్నగా పోవుట నేర్పవలెను. మనము ఇతరులను దాటునప్పుడుకూడ గంట మ్రోగించుట మర్యాద.

హెల్మెట్టు పెద్దలకును పిల్లలకును ఉండితీరవలెను. కనుబొమలకు పైన రెండువ్రేళ్ల వెడల్పున నిలిచి, పట్టీలు చెవిక్రింద కలిసి, గడ్డముక్రింద ఒకటి రెండు వ్రేళ్లు మాత్రమే దూరునంత బిగువుగా నుండవలెను. వెనుకకు వాలి నుదురు కనబడు హెల్మెట్టు అలంకారమేగాని రక్షణ కాదు. ఏడాది నిండని శిశువును సైకిలుపైగాని దాని వెనుకకట్టు బండిలోగాని తీసికొనిపోరాదు. మెడ ఆ కుదుపున కాగునంత బలపడదు. వస్త్రముల విషయము మన స్త్రీలకు ముఖ్యము. చున్నీ కొంగు చక్రపు ఆకులలో చిక్కుకొన్నచో మెడకు ఉరిపడు నపాయము కలదు. దానిని ఇంటివద్దనే విడిచిరావలెను. వదులు పైజామా కుడికాలిని గొలుసునకు తగులకుండ నొక పట్టీతో బిగింపవలెను.

విద్యుత్తు తీగలు ఈ బాటవెంట చాలదూరము పోవుటచే పెక్కుచోట్ల చెట్ల నీడ తక్కువ. జూను, జూలై నెలలలో ఉదయము తొమ్మిదికి ముందే తొక్కుట ముగింపదగును. మధ్యాహ్నములందు ఉరుములతో వానలు వచ్చుటయు అచ్చట సామాన్యమే. అక్టోబరులో ఆకులు రంగులు మారు దినములు అన్నింట శ్రేష్ఠములు. అంచుననున్న పొడుగుగడ్డిలోనికి మాత్రము పిల్లలను పోనీయరాదు. అందు పిడుదులుండును. వానిలో కొన్ని కఱచుటచే లైమ్ అను వ్యాధి వచ్చును. ఇల్లు చేరినపిమ్మట స్నానము చేయించుచు మోకాళ్ల వెనుక, చంకలలో, తలవెంట్రుకలలో వెదకుట తల్లుల పని, తండ్రుల పనియుగూడ.

మరుగుదొడ్ల సంగతి పురుషులు వ్రాసిన మార్గదర్శినులలో చివర నొక పంక్తిగా నుండును. మన కది మొదటి విషయము. బాటవెంట మైలు మైలునకు అట్టివి లేవు. ఊళ్లలోని ఉద్యానవనములు, గ్రంథాలయములు ఎచ్చటనున్నవో, ఏ వేళలందు తెరచియుండునో ముందుదినమే చూచుకొని, గమ్యము నట్టిచోటనే పెట్టుకొనవలెను. మొగమాటముచే నీరు త్రాగుట మానుకొని తిరుగు స్త్రీలను మేమెరుగుదుము. ఎండలో అది ప్రమాదము.

భోజనమును గురించి మాకొక నిశ్చితాభిప్రాయము కలదు. మన యిండ్లలో ప్రయాణమనగానే తెల్లవారుజామున లేచి పులిహోర, దద్దోజనము, వడలు, రెండురకముల పచ్చళ్లు సిద్ధముచేసి, బయలుదేరువేళకు గృహిణి అలసిపోవును. అంతటి బరువును సైకిలుపై మోయుట మరియొక శిక్ష. దారిపొడవున నీరు, అరటిపండ్లు, వేయించిన పల్లీలు, రెండేసి ఖర్జూరములు చాలును. భోజనము కారులోనే యుంచి తిరిగివచ్చినపిమ్మట తినవచ్చును. అదియును ముందురాత్రి చేసిన పులిహోర యొక్కటియే యయినచో ఎవరికిని లోపముండదు. దద్దోజనము మాత్రము ఎండలోనున్న కారులో నుంచరాదు. మంచుగడ్డల పెట్టె యున్నచో సరే. సైకిలుసంచిలో గాలిపంపు, అదనపు ట్యూబు, గాయములకు పట్టీలు వేసికొనవలెను. బయలుదేరుటకు ముందు చక్రములను నొక్కిచూచి, రెండు బ్రేకులును పట్టుచున్నవో లేవో పరీక్షించుట రెండునిమిషముల పని.

తల్లి సైకిలు మాట చివరకు మిగిల్చితిమి, అది చిన్నదని కాదు. బాల్యమున అన్నదమ్ములు తొక్కుచుండగా చూచుచు నిలిచినవారు మనలో ననేకులు. నలుబదియేండ్లకు నేర్చిన నలుగురు నవ్వుదురేమోయను సంకోచమొకటి. ఫ్రాన్సిస్ విల్లార్డ్ అను అమెరికా సంఘసంస్కర్త తన 53వ యేట సైకిలు నేర్చి, ఆ కథను 1895లో పుస్తకముగా ప్రచురించినది. ఆమె తన సైకిలునకు గ్లాడిస్ అని పేరుకూడ పెట్టుకొన్నది. అంతదూరము పోనేల? 1990ల మొదట తమిళనాట పుదుక్కోట జిల్లాలో అక్షరాస్యతోద్యమముతోపాటు వేలకొలది గ్రామీణస్త్రీలు సైకిలు నేర్చిరి. వారిలో పొలముపనికి పోవువారు, నీరు మోయువారు ఎందరో యుండిరి.

నేర్చుటకు ఖాళీగానున్న కార్లచావడి చాలును. అడ్డుకమ్మి లేని లేడీస్ సైకిలు తీసికొని, రెండుపాదములును పూర్తిగా నేలకానునట్లు సీటు దించి, పెడళ్లు ఊడదీయించవలెను. ఎడమ పెడలు మర విపరీతముగా తిరుగునని మరువరాదు. పాదములతో నేలను తన్నుచు కొంచెముకొంచెముగా సాగుచు, రెండుపాదములు పైకెత్తి పదిగజములు పోగలిగిననాడు సగము విద్య వచ్చినట్లే. పిమ్మట పెడళ్లు బిగించుకొనవలెను. వెనుక ఒకరు సీటు పట్టుకొని పరుగెత్తు పాతపద్ధతికన్న దీనిలో పడుట తక్కువ. కొందరికి రెండు దినములు పట్టును, కొందరికి రెండు వారములు. కుదురుగా తొక్కుట వచ్చినపిమ్మట, పెడలు అడుగుననున్నప్పుడు మోకాలు దాదాపు తిన్నగా చాగునంతవరకు సీటు పైకెత్తవలెను. అట్లు చేయనివారికి మోకాళ్లనొప్పులు వచ్చును, నింద సైకిలుపై పడును. నిలుకడ చాలని వృద్ధులకు పెద్దల మూడుచక్రముల సైకిళ్లు దొరకును. మలుపులయందు మాత్రము వానిని మెల్లగా త్రిప్పవలెను, లేనిచో ఒరిగిపోవును.

ఈ విధముగా నేర్చినయామె మొదటిసారి రైలుబాటకు సెలవుదినమున పోవలదని మా సలహా. పనిదినమున, పిల్లలు బడికి పోయిన వేళ, స్నేహితురాలు తోడుండగా హెర్న్‌డన్ స్టేషనుయొద్ద బయలుదేరి రెస్టన్ వరకు పోయిరావలెను. ఎచ్చట రోడ్డు దాటవలెనో, ఏ బల్లకు నీడ యున్నదో, నీళ్లకుళాయి ఎచ్చటనున్నదో కనిపెట్టుకొనవలెను. శనివారమునాడు అందరును కలసి వచ్చువేళకు దారి ఆమెకు తెలిసియుండును. ఆనాడు వరుసలో ముందు ఆమె పోవచ్చును, భోజనపు పెట్టె కారులో నెత్తుట మరియొకరు చూచుకొందురు.